వంతెనకు ఇవతల

బస్సు వెనక ఎర్రదీపాలు!

రెండొందల గజాల దూరం. అంతే!

కోర్టు అమీనా స్కూటర్ యాక్సిలరేటర్‌ని ఇంకా తిప్పబోతాడు. అది తిరగదు. తిరగాల్సినంతా ఎప్పుడో తిరిగింది.

వాన మొహం మీద సూదుల్లా గుచ్చుతోంది. కళ్లజోడంతా నీళ్లు. ఒక చేత్తో తుడుచుకుంటాడు... స్కూటర్ వంకర పోతుంది... ఎదురుగా లారీ!

చెవులు చిల్లులు పడే హారన్. లారీ అతని మోచేతిని రాసుకుంటూ దూసుకుపోతుంది.

"కళ్లు నెత్తికెక్కాయా..." డ్రైవరు తిట్టు సగమే వినిపిస్తుంది. మిగతా సగం గాలి పట్టుకుపోయింది.

టైము ఏడూ యాభై ఎనిమిది.

వంతెన ఇంకా ఆరు కిలోమీటర్లు.

చొక్కా లోపల, బనీను మీద, ప్లాస్టిక్ కవర్లో ఒక కాగితం. సాయంత్రం అయిదూ నలభైకి జడ్జిగారు సంతకం పెట్టారు. విడిగా ఉంటున్న భార్య, ఇద్దరు పిల్లల్ని తీసుకుని వేరే ఊరికి మకాం మార్చేస్తోంది. భర్త ఒప్పుకోవడం లేదు. విచారణ ముగిసేదాకా పిల్లల్ని కోర్టు పరిధి దాటించకూడదని ఆర్డరు.

ఆ పరిధి వంతెన దగ్గర ఆఖరు.

వంతెనకు ఇవతల ఆమె చేతిలో పెడితే అది ఆర్డరు. అవతల పెడితే చిత్తుకాగితం.

కాగితాలు చేతికందించడమే అమీనా ఉద్యోగం. పందొమ్మిదేళ్లలో ఒక్కటి కూడా వాపసు తేలేదు. తలుపు తీయనివాళ్లకి కిటికీలోంచి ఇచ్చాడు. దొడ్డిదారిన పారిపోయేవాళ్లకి దొడ్డిదారిలోనే కాపుకాసి ఇచ్చాడు. ఒకాయనకి పళ్ల డాక్టరు కుర్చీలో, నోరు తెరుచుకుని ఉండగా ఇచ్చాడు! అడ్డం చెప్పడానికి కూడా వీల్లేకపోయింది పాపం.

కోర్టులో అందరూ అతన్ని 'జిగురు' అంటారు. అంటుకుంటే వదలడు.

జేబులో ఫోన్ మోగుతుంది. తీసి హెల్మెట్‌కీ చెంపకీ మధ్య దూరుస్తాడు.

"సార్... నేను సార్..."

పిల్లల తండ్రి. బ్యాంకు వ్యాన్లకి కాపలా ఉండే గార్డు. సాయంత్రం కోర్టు వరండాలో, డ్యూటీ బట్టల్లోనే, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చిన మనిషి. గొంతు ఇంకా తడిగానే ఉంది.

"దొరికారా సార్?"

"దొరుకుతారు. పెట్టెయ్యండి."

"ఏ రోడ్డు మీదున్నారు సార్? ఒక్క మాట చెబితే..."

"చెప్పకూడదు బాబూ. ఫైలు మీద ఎర్రముద్ర ఉంది."

చిరునామా గోప్యం! ఆ ముద్ర పడితే, ఆమె ఎక్కడుందో కోర్టుకి తప్ప ఎవరికీ తెలియకూడదు. ఈమధ్య రెండు ఫైళ్లకి ఒకదాని మీద ఆ ముద్ర కనిపిస్తోంది. లాయర్లు అలవాటుగా వేయించేస్తున్నారని అమీనా అభిప్రాయం. ఎందుకు వేశారని ఆలోచించడం మానేసి చాలా కాలమైంది. కానీ రూలు రూలే. ప్రాణం పోయినా చెప్పడు.

"సరే సార్. మీ మాట కాదనను." చిన్న ఎక్కిళ్లు. "ఫోటో తీస్తారు కదా సార్? పిల్లల మొహాలు కూడా పడేలా తీయండి. మూడు నెలలైంది సార్ చూసి..."



మూడు నెలలు! తనకి పదకొండేళ్లు!

ఇదే రోడ్డు. ఇదే వంతెన. ఆరేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని అతని భార్య ఇలాగే బస్సెక్కింది. ఊరందరికీ కాగితాలు పంచే మనిషి దగ్గర ఆ రోజు తనకోసం ఒక్క కాగితం లేకపోయింది.

"పడేలా తీస్తాను," అంటాడు. ఫోన్ జేబులో పడేస్తాడు.

ఎర్రదీపాలు దగ్గరవుతున్నాయి!

నూరు గజాలు... యాభై...

హ్యాండిల్‌కి తగిలించిన సంచిలో ఏదో టకటకా కొట్టుకుంటోంది. గులాబీరంగు నీళ్ల సీసా. గంట కిందట ఆమె ఇంటికి వెళ్తే తాళం. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చింది. "ఇప్పుడే బస్టాండుకి బయల్దేరారు నాయనా. నువ్వెవరు?" ఆఫీసు మనిషినన్నాడు. అబద్ధమేమీ కాదు. ఆవిడ లోపలికి వెళ్లి ఈ సీసా తెచ్చింది. "పాప మర్చిపోయింది. ఇది లేకపోతే దారి పొడుగునా ఏడుస్తుంది పిచ్చిది. అందిస్తావా?"

అందించడమే కదా అతని పని!

ముందు గుంతలు. బస్సు నెమ్మదిస్తుంది.

ఇదే అదను! అమీనా రోడ్డు పక్క బురదలోకి దిగుతాడు... స్కూటర్ ఎగురుతుంది... బస్సు వెనక చక్రాన్ని దాటుతాడు... ముందు చక్రాన్ని దాటుతాడు... స్కూటర్‌ని రోడ్డుకి అడ్డంగా పడేసి పక్కకి దూకుతాడు!

కీఈఈఈచ్!

ఫటేల్!

బస్సు ఆగింది. స్కూటర్ ముందు చక్రం మీద ఆగింది.

"చావాలనుంటే ముందు నది ఉంది కదయ్యా!" డ్రైవరు కిటికీలోంచి సగం బయటికొచ్చి అరుస్తాడు. "నా బస్సే దొరికిందా?"

"కోర్టు!" అమీనా గుర్తింపు కార్డు పైకెత్తుతాడు. మోకాలి నుంచి రక్తం.

"కోర్టయితే బ్రేకులుండవా?" కండక్టరు దిగి వచ్చి స్కూటర్‌ని చూస్తాడు. చక్రం ఎనిమిది అంకె అయింది. "కోర్టువారూ, ఇక మీ వాహనం మీదే కేసు కొట్టేశారు."

అమీనా నవ్వడు. బస్సెక్కుతాడు.

లోపల మసకవెలుతురు. ముప్పై తలలు. పిల్లలున్న ఆడవాళ్లు నలుగురు. ఆమె మొహం అతనికి తెలియదు. పేరు పెట్టి పిలిస్తే పలికేవాళ్లు ఈ పందొమ్మిదేళ్లలో ఒక్కరూ లేరు.

సంచిలోంచి సీసా తీసి పైకెత్తుతాడు.

"ఇది ఎవరిదండీ? బస్టాండులో పడిపోయింది!"



వెనక నుంచి నాలుగో వరస. శాలువా తల మీదికి లాక్కున్న ఒకామె చెయ్యి చటుక్కున పక్కకి వెళ్తుంది. అరసెకను ఆలస్యమైంది.

"నాది!"

ఎనిమిదేళ్ల పిల్ల సీటు మీద నిలబడింది. ముందు పన్ను లేదు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా! నా సీసా వచ్చేసింది!"

ఆమె కళ్లు మూసుకుంటుంది.

అమీనా వెళ్లి ఎదురుగా నిలబడతాడు. ఆమె ఒళ్లో నాలుగేళ్ల పిల్లాడు నిద్రపోతున్నాడు. కాగితం మీది పేరు చదివి, "మీరే కదమ్మా?" అంటాడు.

"కాదంటే?"

"పాప అవునంటోంది."

ఆమె అతని వంక చూస్తుంది. కోపం లేదు. ఆరిపోయిన పొయ్యిలాంటి మొహం.

"వంతెన ఇంకా ఎంత దూరం అన్నయ్యా?"

అన్నయ్యా!

"రెండు కిలోమీటర్లు."

"మూడు నిమిషాలు. ఈ సీట్లో కూర్చోండి. వంతెన దాటాక ఇవ్వండి. తీసుకుంటాను. సంతకం పెడతాను. మీ మాటా పోదు... నా పిల్లలూ పోరు."

"అలా కుదరదమ్మా."

"దొంగతనంగా పోవడం లేదు నేను. ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. రేపు చేరాలి. పిల్లలకి బళ్లో సీటిచ్చారు. వెళ్తానని కోర్టుకి అర్జీ పెట్టుకుంది నేనే! నాలుగు వాయిదాలు. నాలుగుసార్లూ ఆయన లాయరుకే జ్వరం."

"రేపు పదిన్నరకి విచారణ. అదే జడ్జిగారికి చెప్పుకోండి."

"ఆయన..."

పక్కన కూతురు. సీసా మూత తిప్పుతూ వింటోంది. ఆమె మాట మింగేస్తుంది.

"పిల్లలకి తండ్రి ఉంటాడమ్మా," అంటాడు అమీనా. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "తండ్రికీ పిల్లలుంటారు."

"తీర్పు రేపిద్దురు గాని!" వెనక నుంచి ఎవరో అరుస్తారు. "దించేసి పంపించండి. మాకు లేటవుతోంది!"

ఒక ముసలావిడ మాత్రం, "పసిపిల్లలతో ఈ వానలో ఎక్కడ దిగుతుందయ్యా?" అంటుంది.

"దిగకపోతే?" అడుగుతుంది ఆమె.

"కోర్టు ధిక్కారం. పిల్లలు ఆయన దగ్గరికి పోతారు." చదివి వినిపిస్తాడు. వేలితో వరస చూపిస్తాడు.

ఆమె కాగితం అందుకుంటుంది. సంతకం పెడుతుంది. చెయ్యి వణకదు. వణకడానికి కూడా ఓపిక ఉండాలి.

అందింది!

పందొమ్మిదేళ్ల రికార్డు నిలబడింది. వంతెనకు ఇవతలే!

వంతెన ముందు ఆఖరి స్టాపు. బస్సు నలుగురినీ దించుతుంది. కండక్టరు రెండు సంచులు అందిస్తూ, "తిరుగుబస్సు ఎనిమిదీ నలభై అయిదుకి," అంటాడు. ఆమె వంక చూడలేక తలుపు వేసేసుకుంటాడు.

ఎర్రదీపాలు వంతెన మీదికి ఎక్కుతాయి. చిన్నవవుతాయి. అవతలికి దాటిపోతాయి.

ఇవతల సిమెంటు షెడ్డు. ఒక బల్ల. ఒక బల్బు. చుట్టూ చీకట్లో వాన.

అమీనా ఫోన్ తీస్తాడు. "అలా వెలుతురులోకి రండమ్మా. కాగితం కనిపించేలా..."

ఆమె అరచెయ్యి కెమెరాకి అడ్డం వస్తుంది.

"ఫోటో వద్దు! చోటు పడుతుంది దాంట్లో."

"పడాలి. పడకపోతే నేను ఇచ్చినట్టే కాదు."

"ఆయనకి వెళ్తుంది అన్నయ్యా..."

"రేపు!" అమీనా విసుక్కుంటాడు. "పొద్దున పదింటికి మా గుమస్తా వచ్చి, కుర్చీ దులుపుకుని, పేపరంతా చదివాక గాని రిపోర్టు పంపడు. పందొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. అప్పటికి మీరు కోర్టులోనే ఉంటారు. భయమెందుకు?"

నిజంగానే నమ్మి చెబుతాడు. ఫోటో తీసే ఈ యాప్ ఈ నెలే వచ్చింది. దానికి ట్రైనింగ్ కూడా పెట్టారు. అమీనా హాజరుపట్టీలో సంతకం పెట్టి టీ తాగడానికి వెళ్లిపోయాడు. కాగితం అందించడం తనకి ఇంకొకడు నేర్పాలా!

ఆమె చెయ్యి దించుతుంది.

"పాపా, నువ్వూ రా. తమ్ముణ్ణి కూడా ఇటు తిప్పండి. మొహాలు పడాలి."

క్లిక్!

పాప సీసా పట్టుకుని నవ్వింది. ఫోటో కింద రోడ్డు, స్టాపు, టైము. ఎనిమిదీ పద్నాలుగు.

బల్ల మీద కూర్చుంటారు. ఆమె ఆ చివర. పిల్లాడు ఆమె భుజం మీద. పాప జరుగుతూ జరుగుతూ అమీనా పక్కకి వస్తుంది. సీసా ఎత్తి గటగటా తాగి, మూత పక్కన పెడుతుంది.

"నువ్వు నాన్న స్నేహితుడివా?"

"కాదమ్మా. కోర్టువాణ్ణి."

"మరి నాన్న వస్తాడా ఇక్కడికి?"

"రాడు. ఏం? రావాలా?"

పాప ఆలోచిస్తుంది. "వస్తే చెప్పు. లైటు ఆర్పాలి."

"ఎందుకు?"

"నాన్న వస్తే అమ్మ లైట్లన్నీ ఆర్పేస్తుంది. మేం మంచం కిందికి వెళ్లి ఊపిరి ఆట ఆడతాం. ఎవరు చప్పుడు చేయకుండా ఎక్కువసేపు ఉంటే వాళ్లు గెలిచినట్టు." పెదవి విరుస్తుంది. "నాకు దగ్గొస్తుంది. ఎప్పుడూ తమ్ముడే గెలుస్తాడు."

అమీనా ఆ చివరికి చూస్తాడు.

ఆమె అతన్నే చూస్తోంది. శాలువా జారింది. చెవి కింద నుంచి మెడ దాకా పాత కుట్లు. కుట్లేసిన డాక్టరు కూడా కంగారుపడ్డట్టున్నాడు. వంకరగా ఉన్నాయి.

ఎర్రముద్ర!

లాయర్ల అలవాటు కాదు...

టింగ్!

ఫోన్. మెసేజ్ ఆలస్యంగా అందింది. అమీనా తీసి చూస్తాడు.

'అందజేత నమోదైనది. ఫోటో, స్థలము ఇరుపక్షాలకు పంపబడినవి. 8.14.'

ఇరుపక్షాలకు...

కిందికి జరుపుతాడు.

'అర్జీదారు (తండ్రి) చూశారు. 8.15.'

ఇప్పుడు టైము ఎనిమిదీ ఇరవై ఆరు!

గుమస్తా లేడు. పేపరు లేదు. పొద్దున పదిగంటలు లేవు!

నంబరు నొక్కుతాడు. ఒక్క రింగుకే ఎత్తుతాడు అవతలి మనిషి.

"బాబూ... ఎక్కడున్నారు?"

"దారిలో సార్." గొంతులో తడి లేదు. పొడిగా ఉంది. ఇంజను చప్పుడు. "మీరు ఏ రోడ్డున పోయారో తెలియక ఇందాకటి నుంచి జంక్షన్‌లో కూర్చున్నాను. ఫోటో బాగా వచ్చింది సార్. పాప పొడుగైంది."

కట్!

"ఎంతసేపట్లో వస్తాడు?" ఆమె లేచి నిలబడింది. అతను చెప్పకుండానే అర్థమైంది ఆమెకి.

"అయిదు నిమిషాలు... అంతకంటే తక్కువేనేమో. ఆయన దగ్గర..."

"ఉంది. డ్యూటీ తుపాకీ."

అమీనా పోలీసులకి కొడతాడు. అవతల ఆడగొంతు, మర్యాదగా... "వంతెన ఏ వైపు సార్?"

"ఇవతల!"

"దగ్గర్లో ఉన్న బండి అవతల ఉంది సార్. అది వాళ్ల పరిధి. మన బండి రావాలంటే ఇరవై నిమిషాలు."

పరిధి!

"వంతెన దాటెయ్యండమ్మా!" అరుస్తాడు. "పరిగెత్తండి!"

ఆమె కదలదు. చేతిలో కాగితం.

"దాటితే పిల్లలు ఆయనకే అని ఇందాక మీరే చదివారు. వేలు పెట్టి చూపించారు."

"నేను చెబుతాను జడ్జిగారికి! నాదే పొరపాటని..."

"ఇక్కడుంటే ఆయనొస్తాడు. దాటితే మీ కాగితం వస్తుంది." గొంతు పెంచదు. "ఎటు పోను అన్నయ్యా?"



పందొమ్మిదేళ్లలో ఎవరూ అతన్ని జవాబు అడగలేదు. కాగితం ఇచ్చి తిరిగి వచ్చేయడమే.

వంతెన వైపు చూస్తాడు. కిలోమీటరు పొడవు. రెండువైపులా దీపాలు. ఎలక పరిగెత్తినా కనిపిస్తుంది. స్కూటర్ రెండు కిలోమీటర్ల వెనక ఎనిమిది అంకెలా పడి ఉంది. రోడ్డు మీద ఒక్క బండి లేదు.

ఉంది!

దూరంగా, మలుపులో... రెండు లైట్లు!

ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక చేత్తో పిల్లాణ్ణి, ఇంకో చేత్తో పాపని, కాలితో సంచుల్ని... షెడ్డు వెనక గోడ చాటుకి పోతుంది. మోకాలెత్తు తడిగడ్డి. పడుకుంటారు ముగ్గురూ.

"ఆటా అమ్మా?" పాప గుసగుస.

"ఆటే. ఈసారి నువ్వు గెలవాలి."

అమీనా హెల్మెట్ ఎత్తి బల్బుని కొడతాడు. ఫట్! చీకటి.

లైట్లు పెద్దవవుతాయి. కారు వచ్చి ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. గార్డు దిగుతాడు. డ్యూటీ బట్టలు. టోపీ తలమీద సరిగ్గా ఉంది.

"నమస్కారం సార్. ఏరీ?"

"వెళ్లిపోయారు." అమీనా వంతెన వైపు చెయ్యి చూపిస్తాడు. "కాగితం తీసుకుంది. మాట వినలేదు. ఎవరో కారాపితే ఎక్కి వంతెన దాటేసింది."

పందొమ్మిదేళ్లలో మొదటి దొంగ రిపోర్టు!

"నంబరు?"

"చూడలేదు."

"మీరు చూడలేదా?" గార్డు మెల్లగా నవ్వుతాడు. "జిగురని చెప్పారే సార్ మిమ్మల్ని! అంటుకుంటే వదలరని. అందుకే కదా నేను నిశ్చింతగా కూర్చున్నాను."

"వాన... కనిపించలేదు."

గార్డు వంతెన వైపు చూస్తాడు. చాలాసేపు. నడుం దగ్గర తోలు ఒర మెరుస్తోంది.

గోడ వెనక గడ్డి కదలదు. దగ్గు రాదు. ఏమీ రాదు.

గెలువు తల్లీ... గెలువు...

"సరే సార్. ఎంత దూరం పోతుంది!" గార్డు కారెక్కుతాడు. తలుపు పడుతుంది. ఇంజను లేస్తుంది.

అమీనా ఊపిరి వదలబోతాడు.

కారు వంతెన వైపు తిరుగుతుంది. దాంతోపాటు లైట్లూ తిరుగుతాయి... రోడ్డు మీద నుంచి షెడ్డు స్తంభం మీదికి... స్తంభం మీద నుంచి బల్ల మీదికి...

ఆగిపోతాయి.

బల్ల మీద గులాబీరంగు నీళ్ల సీసా.

మూత పక్కనే ఉంది.

తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. బూట్ల చప్పుడు. తీరిగ్గా.

"కారెక్కి వెళ్లిపోయారన్నారు కదూ?" గార్డు సీసా ఎత్తి వాసన చూస్తాడు. ఊపి చూస్తాడు. "ఇది వదిలి పాప గడప కూడా దాటదు సార్. నేను కొనిచ్చిందే."

అమీనా అడ్డం వచ్చి నిలబడతాడు. గోడకీ అతనికీ మధ్య. చొక్కా లోపలికి చెయ్యి పెడతాడు. ప్లాస్టిక్ కవరు తగులుతుంది. ఖాళీ.

చేతిలో కాగితం లేకుండా అతనెప్పుడూ ఎవరి ఎదురుగా నిలబడలేదు.

"బాబూ, రేపు పదిన్నరకి..."

ఢాం!

వాన ఆగినట్టనిపిస్తుంది. రోడ్డు వచ్చి చెంపకి తగులుతుంది. చల్లగా ఉంది.

బూట్లు అతని మొహం పక్క నుంచి నడిచి వెళ్తాయి... గోడ వైపు.

అమీనా చెవులు రిక్కిస్తాడు. కదపగలిగింది అదొక్కటే.

గోడ వెనక చప్పుడు లేదు.

ఇద్దరూ గెలుస్తున్నారు.